తాడిపత్రి నల్లబండ: ఏ పనికి వేయాలి, ఏ పనికి వద్దు

అలమరా అరలకు, పంచకు, మెట్లకు, గిన్నెలు కడిగే జాలాడికి తాడిపత్రి నల్లబండను మించిన సరుకు ఆ ధరలో దొరకదు. వంటింటి గట్టుకు మాత్రం వద్దు. చింతపండు, నిమ్మకాయ లేనిదే పూట గడవని మన ఇళ్లలో గట్టుకు నల్ల గ్రానైటే మేలు, డబ్బు ఎక్కువైనా సరే. ఈ తేడా కొనేముందు అడిగేవాళ్లు తక్కువ, అడగకుండా చెప్పే కొట్లు ఇంకా తక్కువ. గట్టు మీద తెల్లటి మచ్చలు తేలాక తిట్లన్నీ బండకు పడతాయి.

బండ నల్లగా, నున్నగా ఉన్నంత మాత్రాన గ్రానైటు కాదు. ఇది సున్నపురాయి. భూగర్భ శాస్త్రంలో దీని పేరు నార్జి సున్నపురాయి, ఇక్కడి నార్జి ఊరి పేరు మీదే పెట్టారు. కడప, కర్నూలు రాతి పొరల మీద భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ చేసిన సర్వే 1872లో అచ్చయింది. ఈ పొరల లెక్కంతా అక్కణ్నుంచే మొదలు. బేతంచెర్ల, బనగానపల్లె, అవుకు, కొలిమిగుండ్ల మీదుగా తాడిపత్రి, ఎర్రగుంట్ల వైపు దాకా ఈ సున్నపురాయి పరుచుకుని ఉంది. 3,229 మీటర్ల పొడవున్న బెలుం గుహలు ఏర్పడింది ఈ రాతిలోనే. గాలిలోని బొగ్గుపులుసు వాయువు కలిసిన వాననీళ్లకే కరిగే రాయి కాబట్టి భూమిలో గుహ పడింది. నిమ్మరసం అంతకంటే చాలా ఘాటు. గట్టు మీద ఒలికితే మెరుపు పోవడానికి నిమిషాలు చాలు.

తాడిపత్రి పెన్న ఒడ్డు ఊరు. బుగ్గ రామలింగేశ్వరుడి గుడి ఏటి గట్టునే ఉంది. గోపురాలు పూర్తికాకుండా ఆగిపోయినా, వాటి మీది చెక్కడం చూస్తే రాతిపని ఈ ఊరికి నిన్నమొన్నటిది కాదని తెలుస్తుంది. అలాగని ఆ శిల్పులకూ ఇప్పటి పాలిష్ ఫ్యాక్టరీలకూ చుట్టరికం కలపడం అతి అవుతుంది. గుడి వేరే రాజ్యం కథ, బండల వ్యాపారం రైలు, కరెంటు, లారీ కథ. మద్రాసు రైల్వే కడప, తాడిపత్రి, గుత్తి మీదుగా రాయచూరు చేరి 1871లో బొంబాయి లైనుతో కలిసింది. బరువెక్కువ, ధర తక్కువ ఉన్న సరుకుకు బాడుగే ప్రాణం. గనిలో ఎంత చవకైనా ఎద్దులబండి మీద వంద మైళ్లు పోతే ఆ చవక మిగలదు.

అంతకుముందు ఈ బండ చుట్టుపక్కల ఊళ్లలోనే ఖర్చయ్యేది. దూలాల మీద దంతెలు, వాటి మీద నాపబండలు, పైన మట్టి పరిచిన మిద్దెలు కర్నూలు, కడప పల్లెల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. దొడ్డికి, కళ్లానికి నిలువు బండలే ప్రహరీ. సమ్మెట, చీలలు, గడ్డపార ఉంటే చాలు, పొర దానంతటదే లేస్తుంది. తర్వాత గనిలోకి పట్టాల మీద నడిచే కటింగ్ మిషన్లు వచ్చాయి. పైమట్టి తీసి, రాతి నేల మీద అడ్డంగా, నిలువుగా కోత పెట్టి, గడ్డపారతో పొర వెంట లేపుతారు. ఊళ్లో పాలిష్ ఫ్యాక్టరీలు పెరిగాక ముడి బండ ముఖం మారింది. ఇదే సున్నపురాయి కోసం సిమెంటు కంపెనీలూ వచ్చాయి. భోగసముద్రం దగ్గర ఎల్ అండ్ టీ కట్టిన ఫ్యాక్టరీ, 2004లో ఆ కంపెనీ సిమెంటు వ్యాపారం చేతులు మారాక, అల్ట్రాటెక్ పేరు మీద నడుస్తోంది. సన్నటి సమ పొరలుగా లేచే రాయి బండ అవుతుంది, దళసరిగా ఉన్నదీ నలిగినదీ సిమెంటుకు పోతుంది. ఒకే భూమి మీద ఈ రెండు గిరాకీలూ పోటీ పడుతున్నాయి. వీటికి తోడు విట్రిఫైడ్ టైల్స్ వచ్చి ఇళ్ల లోపలి నేలను దాదాపుగా లాగేసుకున్నాయి. నల్లబండకు ఇప్పుడు మిగిలిన గట్టి చోటు అలమరాలు, పంచలు, బయటి నేలలు.

ఇక సరుకు సంగతి. పొర వెంట లేచిన రాయి కాబట్టి మందం ఫ్యాక్టరీ అచ్చులో పోసినట్టు ఉండదు. అంగుళం బండ అని ఇచ్చినదాన్ని ఒక మూల కొలిస్తే 22 మిల్లీమీటర్లు, ఎదురు మూల 30 ఉండవచ్చు. ఇది నేలకు ఇబ్బంది కాదు, అడుగున వేసే మాలు (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) సర్దుకుంటుంది. అలమరాకు మాత్రం పెద్ద ఇబ్బంది: అంచులు వరసగా నిలబెట్టినప్పుడు తేడా కళ్లకు కొడుతుంది. అరలకు రెండు వైపులా పాలిష్ పట్టి, మందం సమం చేసిన బండే అడగాలి. బరువు లెక్క కూడా ముందే తెలిసి ఉండాలి. 25 మిల్లీమీటర్ల బండ చదరపు అడుగుకు సుమారు 6 కిలోలు. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న ఒక్క అర 28 కిలోల దాకా తూగుతుంది. వెయ్యి అడుగుల సరుకంటే ఆరు టన్నుల పైమాట, మినీ లారీలో కుక్కి తెచ్చే పని కాదు.

ధర కంటే కొలత దగ్గరే ఎక్కువ పోతుంది. నాలుగు పక్కలా 22 అంగుళాలున్న బండను "రెండడుగుల సైజు" అని లెక్క రాస్తే, మీకు వచ్చేది 3.36 చదరపు అడుగులు, డబ్బు కట్టేది 4 అడుగులకు. నూటికి 16 వంతులు అక్కడే పోయినట్టు. ముడి బండలకు చెక్కుడు పోతుందని సైజు ముందే పెంచి రాసే పద్ధతి వ్యాపారంలో ఉంది. అది తప్పని కాదు, బేరం చేసేటప్పుడు అంచులు కోసిన తర్వాతి కొలతకా, ముందు కొలతకా అని తేల్చుకుని బిల్లు మీద రాయించుకోవాలి. విరిగిపోయేవాటి కోసం నూటికి 5 నుంచి 7 అడుగులు అదనంగా, అదే గుట్టలోంచి తీసుకోండి. ఆరు నెలల తర్వాత అదే నలుపు దొరకదు. గని లోతు మారితే రంగు మారుతుంది.

యార్డులో చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. బండను నిలబెట్టి చిన్న సుత్తితో నడుమ తట్టండి. కంగుమంటే గట్టిది; డొల్లగా, మొద్దుగా మోగితే లోపల పొర విడింది, అది నాలుగు వేసవులకు అట్టలాగా లేస్తుంది. పక్క అంచు తప్పకుండా చూడాలి. మట్టి రంగు గీత సన్నగా అంచు వెంట పోతుంటే పక్కన పెట్టించండి. తర్వాత బండ మీద చెంబుడు నీళ్లు పోసి ఆరనివ్వండి. అంతా ఆరినా ఒక గీత మాత్రం తడిగా నిలిస్తే అది పగులు. మెరుపును నమ్మకండి: మైనమో, నల్ల రంగు కలిపిన నూనో పూస్తే బూడిద రంగు బండ కూడా నల్లగా నిగనిగలాడుతుంది. గుడ్డకు కాస్త థిన్నర్ అద్ది మూల రుద్దితే గుడ్డ నల్లబడుతుందో లేదో తెలుస్తుంది. ఎవరైనా అదే బండను నల్ల గ్రానైటు అని అమ్మజూస్తే, ఒక చుక్క నిమ్మరసం వేసి పది నిమిషాలు ఆగండి. గ్రానైటుకు ఏమీ కాదు, సున్నపురాయి మీద ఆ చుక్క మేర మెరుపు చస్తుంది. చాకుమొనతో గీసినా అంతే, దీని మీద గీత పడుతుంది.

బండ ఎంత మంచిదైనా పరిచే పని చెడితే చెడిందే. అనంతపురం, కడప పల్లెల్లో ఎక్కువగా వచ్చే ఫిర్యాదు చౌడు. బండల సందుల్లో తెల్లగా ఉప్పు పూస్తుంది, తుడిస్తే పోతుంది, వారానికి మళ్లీ వస్తుంది. ఆ ఉప్పు బండలోంచి పుట్టింది కాదు. అడుగునున్న చౌడు మట్టి, ఉప్పునీళ్ల బోరు, కడగని ఇసుక, వీటిలోంచి తేమతో పైకి లేచి సందుల్లో ఆరుతుంది. పునాది లోపల నింపిన మట్టిని నీళ్లు పెట్టి దిమ్మిసతో కూరించి, పైన నాలుగంగుళాల ఇసుక, దాని మీద 1:4:8 పాళ్లలో (సిమెంటు, ఇసుక, కంకర) మూడు నాలుగు అంగుళాల కాంక్రీటు వేయాలి. మాలు కలిపే నీళ్లు నోట్లో వేసుకుంటే ఉప్పగా ఉండకూడదు. ఈ అడుగు పని మీద మిగుల్చుకున్న డబ్బు తర్వాత ఎంత తుడిచినా తిరిగిరాదు.

పరిచే మాలు 1:4 నుంచి 1:6 లోపు, సిమెంటు ఒక పాలు. బండ వెనక సమంగా ఉండదు కాబట్టి మాలు ఒక చోట అంగుళం, ఇంకో చోట రెండంగుళాలు పడుతుంది. మాలు మీద పలచగా కలిపిన సిమెంటు నీళ్లు పోసి, బండ వీపు తడిపి, తుడిచి, దించి, రబ్బరు సుత్తితో తట్టాలి. మేస్త్రీలు తొందరలో నాలుగు మూలల కింద నాలుగు ముద్దలు పెట్టి బండ మోపుతుంటారు. నడుమ ఖాళీ మిగులుతుంది, బీరువా కాలు అక్కడ పడిన రోజు బండ రెండు. పరిచిన మర్నాడు ప్రతి బండనూ నాణెంతో తట్టి, డొల్లగా మోగినదాన్ని మాలు పచ్చిగా ఉండగానే లేపించండి. పంచకు, జాలాడికి వాలు నూటికి ఒకటి, అంటే పది అడుగులకు అంగుళం పైన కొంచెం. రసమట్టం పెట్టి చూస్తేనే నమ్మాలి. సందు రెండు మిల్లీమీటర్లు వదిలి, నల్ల పొడి కలిపిన సిమెంటుతో నింపి, ఏడు రోజులు తడపాలి.

ముడి బండ పరిచి అక్కడే మిషన్ పాలిష్ పట్టిస్తే నేల ఒకే మట్టంగా వస్తుంది, ఫ్యాక్టరీ పాలిష్ బండకు ఆ సుఖం లేదు. కాకపోతే మాలు గట్టిపడేదాకా రెండు వారాలు ఆగాలి, ఇల్లంతా బురద. పాలిష్ రాళ్లు 60 నంబరుతో మొదలై 120, 220, 320 వరసలో మారాలి. నడుమ ఒక నంబరు ఎగ్గొడితే ముందటి రాయి గీతలు పక్కవెలుతురులో సున్నాలు చుట్టినట్టు కనిపిస్తాయి. చివర్లో ఆక్సాలిక్ ఆసిడ్ పొడి చదరపు మీటరుకు 33 గ్రాములు చల్లి, నీళ్లు చిలకరించి, నమ్దా (ఒత్తు ఉన్ని) దిమ్మతో రుద్ది, బాగా కడగాలి. బాత్రూం యాసిడ్‌తో కడిగి సిమెంటు మరకలు వదిలిస్తామనే మేస్త్రీని గడప దాటనివ్వకండి. నురగ లేచిందంటే కరుగుతున్నది బండే.

అలమరాకు అంగుళం బండ మూడడుగుల దాకా నిలుస్తుంది. అంతకు మించితే నడుమ నిలువు బండ పెట్టాలి. గోడలో రెండేసి అంగుళాల గాడి తీసి మాలుతో బిగించాలి, అంచు మీద ఊరికే ఆనించకూడదు. ఈ రాయి ఒత్తిడికి గట్టిది, వంపుకు బలహీనం. బియ్యం బస్తా నడిమధ్య పెడితే ముందు హెచ్చరించదు. చెదలు పట్టదు, నీళ్లకు ఉబ్బదు. ప్లైవుడ్ అలమరాతో పోల్చేవాళ్లు ఈ రెండూ గుర్తు పెట్టుకోవాలి.

మిద్దె మీద నల్లబండ వేయకండి. ఏప్రిల్ మధ్యాహ్నం కాలు మోపలేరు, పైగా ఎండకు, వానకు ఆ నలుపు కొన్నేళ్లలో బూడిద రంగుకు తిరుగుతుంది. అక్కడికి బేతంచెర్ల వైపు దొరికే లేతరంగు బండ నయం. స్నానాల గదికి పాలిష్ బండ జారుతుంది, ముడి ముఖమే పైకి పెట్టించండి.

ఇప్పటికే వంటగట్టుకు నల్లబండ వేసేసినవాళ్లు పులుపు పడగానే తడిగుడ్డతో తుడవాలి. సీలర్ పూస్తే నూనె మరక ఇంకదు గానీ పులుపు దెబ్బ ఆగదు, ఈ రెంటినీ కలిపి అమ్మే మాట నమ్మకండి. కొబ్బరినూనె పలచగా రుద్దితే మచ్చ కొంతకాలం కనిపించదు, అంతే. పోవాలంటే మళ్లీ పాలిష్ పట్టాల్సిందే. పొయ్యికి, సింకుకు కోసిన కంతల మూలలు గుండ్రంగా ఉండాలి. లంబంగా కోసిన మూల నుంచే పగులు మొదలవుతుంది. సింకు ముందు మూడంగుళాల పట్టీ మిగిల్చితే అది ఎక్కువ కాలం నిలవదు.

పాలిష్ యూనిట్లను ఎంచుకునేటప్పుడు బురదను ఏం చేస్తున్నారో ఒకసారి చూడండి. కోతలో వచ్చే రాతిపిండిని తొట్లలో తేర్చి, అదే నీటిని మళ్లీ వాడే యూనిట్లు ఉన్నాయి. వంకల పక్కన, రోడ్డు పక్కన కుమ్మరించే యూనిట్లూ ఉన్నాయి. ఆరితే దుమ్ము, తడిస్తే బంక, నేలలోకి నీళ్లు ఇంకనివ్వదు. సరుకు నాణ్యతకూ దీనికీ సంబంధం ఉంది: నీళ్లు తేర్చని చోట ముతక రజను మళ్లీ పాలిష్ రాయి కిందికి వచ్చి బండ మీద గీతలు పెడుతుంది.

లారీలో బండలు పడుకోబెట్టి ఎక్కించనివ్వకండి. అంచు మీద నిలువుగా, అడుగున చెక్క, జతకూ జతకూ నడుమ గడ్డి పెట్టి తాడు బిగించాలి. పాలిష్ ముఖాలు ఒకదానికొకటి ఎదురుగా ఉండాలి, వీపు ముఖానికి తగిలితే దారంతా గీతలే. దించేటప్పుడు విరిగినదెవరి లెక్కో బాడుగ మాట్లాడుకునేటప్పుడే తేల్చుకోవాలి, ఇంటి ముందు కాదు.