కోటి రూపాయల ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ: 15 నెలలు, 26 వేల కిలోమీటర్లు

ఇంత పెట్టి ఎలక్ట్రిక్ కారెందుకు కొన్నావని అడిగితే ముందు లెక్కే చెబుతాను. తెలంగాణలో 2024 నవంబరు 18 నుంచి ఎలక్ట్రిక్ కార్లకు రోడ్ ట్యాక్స్ తీసేశారు. అప్పట్లో అదే ధర పెట్రోల్ బండికైతే 18 శాతం. అంటే కోటికి 18 లక్షలు. పైగా జీఎస్టీ 5 శాతమే. నాకు తెలిసి కొన్నవాళ్లలో ఎక్కువమంది ఈ లెక్క చూసే షోరూమ్‌కి వెళ్లారు. నేనూ అంతే. ఆ డిసెంబరులోనే బుక్ చేశాను.

కానీ ఇప్పుడు ఈ కారంటే ఇష్టం పెరగడానికి కారణం మా అమ్మ. నడుము నొప్పి వల్ల తెనాలి దగ్గరున్న మా ఊరికి రావడమే మానేసింది. మొదటిసారి ఇందులో ఎక్కి, నార్కట్‌పల్లి దాటకముందే నిద్రపోయింది. ఇంజిన్ శబ్దం లేదు, గేర్ల కుదుపు లేదు. అయితే ఆ రోజే సూర్యాపేట దగ్గర "ఒరేయ్, కడుపులో తిప్పుతోందిరా" అంది. యాక్సిలరేటర్ వదలగానే బండి దానంతటదే గట్టిగా బ్రేక్ పట్టేలా పెట్టుకున్నాను. నడిపేవాళ్లకు అది హాయి, వెనక కూర్చున్నవాళ్లకు నరకం. తక్కువకి మార్చాక మళ్లీ ఆ ఇబ్బంది రాలేదు.

అందుకే ఆప్షన్లు ఎంచుకునేటప్పుడు వెనక సీట్లో కూర్చుని చూడండి. గుంతల కుదుపులు తగ్గించే ఎయిర్ సస్పెన్షన్‌కి పెట్టిన ప్రతి రూపాయీ దక్కింది. గాలి వీచే సీట్లు ఏప్రిల్, మే నెలల్లో తప్పనిసరి. మసాజ్ సీటు రెండు వారాల ముచ్చట. అద్దాల పైకప్పు మాత్రం మన ఎండలకు వద్దు. మధ్యాహ్నం పార్కింగ్‌లోంచి తీస్తే నడినెత్తిన సెగ తగులుతుంది, ఏసీ మీద భారం.

నేను చేసిన పెద్ద తప్పు 22 అంగుళాల చక్రాలు. ఫొటోల్లో అందంగా ఉన్నాయని తీసుకున్నాను. చక్రం పెద్దదైతే దాని చుట్టూ ఉండే టైరు పలచనవుతుంది. రెండున్నర టన్నుల బండికి అంత పలచటి టైరు. ఒక వానాకాలంలోనే గుంతల్లో పడి రెండు టైర్లు పక్కన ఉబ్బిపోయాయి.

రేంజ్, అంటే ఒకసారి ఫుల్ ఛార్జ్‌తో వెళ్లే దూరం, 500 కిలోమీటర్ల పైనే అన్నారు. ఏసీ వేసి హైవే మీద వంద స్పీడులో వెళ్తే నాకు 400 వస్తోంది. వంద కిలోమీటర్లకు సుమారు 22 యూనిట్లు. యూనిట్ పది రూపాయలనుకున్నా 220. మా పాత పెట్రోల్ బండికి అదే దూరం 1,300 దాకా అయ్యేది.

ఊళ్లో మొదటి రాత్రి పదిహేను ఆంప్స్ ప్లగ్‌కి పెడితే కారు ఛార్జింగ్ తీసుకోలేదు. ఇంటికి సరైన ఎర్తింగ్ లేదు. పొద్దున్నే ఎలక్ట్రీషియన్ వచ్చి, పెరట్లో గొయ్యి తీసి, బొగ్గు, ఉప్పు వేసి పైపు దింపాడు. అప్పటినుంచి రాత్రి పెడితే తెల్లారేసరికి 130 కిలోమీటర్లకు సరిపడా ఎక్కుతోంది. కారు కొనకముందే మీ ఇంట్లోనూ, ఊళ్లోనూ ఎర్తింగ్ చూపించుకోండి. అపార్ట్‌మెంట్ అయితే ఛార్జింగ్ కోసం త్రీ ఫేజ్ కనెక్షన్‌కి అసోసియేషన్ అనుమతి అడ్వాన్స్ కట్టేముందే తీసుకోండి. మాకు దానికి రెండు నెలలు పట్టింది.

పోయిన నెల 20 అంగుళాల చక్రాలకు మారిపోయాను. ఇప్పుడు ఊరెప్పుడు వెళ్దామని అమ్మే అడుగుతోంది.