పాత జిప్సీ స్లోలో ఊగుతుంటే: వాక్యూమ్ గేజీతో కొన్నేళ్లు

పాత పెట్రోలు జీపో జిప్సీయో నడిపేవాళ్ల టూల్‌బాక్సులో స్పానర్ల పక్కన వాక్యూమ్ గేజీ (ఇంజను గాలి లాక్కునే బలాన్ని కొలిచే మీటరు) ఒకటి ఉండి తీరాలి. కొన్నేళ్లుగా వాడుతున్నాను కాబట్టి ఈ మాట గట్టిగానే అంటున్నాను. స్లోలో, అంటే యాక్సిలేటర్ తొక్కకుండా ఇంజను నడుస్తున్నప్పుడు, అది వణికినప్పుడల్లా ప్లగ్గులు మార్చడం, కార్బొరేటర్ (పెట్రోలు, గాలి కలిపే భాగం) కడిగించడం, కాయిల్ మార్చడం, ఇలా డబ్బులు పోసుకుంటూ పోయే బాధను ఇది తప్పిస్తుంది. తప్పు ఏ దిక్కున ఉందో విప్పకముందే చెబుతుంది.

నా బండి 1998 మోడల్ మారుతి జిప్సీ కింగ్, 1300 సీసీ, 8 వాల్వులు, కార్బొరేటర్. 2000లో వచ్చిన 16 వాల్వుల ఎంపీఎఫ్ఐ (కంప్యూటరు అదుపులో పెట్రోలు చిమ్మే) ఇంజను 80 హార్స్ పవర్ ఇస్తే, ఇది 60 ఇస్తుంది. విశాఖలో ఉంటాం కాబట్టి అనంతగిరి ఘాటు, పాడేరు, లంబసింగి దారులే దీని తిరుగుడు. రోడ్డు మీద ఏ ఇబ్బందీ పెట్టని బండి సిగ్నల్ దగ్గర ఆగితే మాత్రం గేరు రాడ్డు నుంచి అద్దం దాకా ఊగేది. యాక్సిలేటర్ కాస్త తొక్కితే మామూలైపోయేది. వదిలితే మళ్లీ అదే. పాత కార్బొరేటర్ బండి ఉన్నవాళ్లందరికీ ఈ లక్షణం తెలిసే ఉంటుంది.

నేను కొన్నది గుండ్రటి డయల్ ఉన్న మామూలు గేజీ. ఒక వైపు వాక్యూమ్ 0 నుంచి 30 పాదరస అంగుళాల వరకు, ఇంకో వైపు ఫ్యూయల్ పంపు ప్రెషరు చూసుకోవడానికి 10 పీఎస్ఐ వరకు గీతలున్నాయి. దాంతో ఒక రబ్బరు హోసు, రెండు మూడు సైజుల ప్లాస్టిక్ టీలు (మూడు మూతుల జాయింట్లు) వచ్చాయి. బ్యాటరీ లేదు, స్క్రీను లేదు. ఇంజను లోపలికి గాలి లాక్కునే బలం ఎంతుందో ముల్లు చూపిస్తుంది, అంతే దాని పని.

హోసు ఎక్కడ తగిలిస్తున్నామన్నది చాలా ముఖ్యం. కార్బొరేటర్ మీద థ్రాటిల్ ప్లేటుకు (యాక్సిలేటర్ తొక్కితే తెరుచుకునే రేకు) పైన ఉండే గొట్టానికి తగిలిస్తే స్లోలో దాదాపు సున్నా చూపిస్తుంది, ఇంజనే పోయిందనుకుని కంగారు పడతాం. సిలిండర్లకు గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు నేరుగా వెళ్లే సన్న గొట్టం చూసుకోవాలి. బ్రేకు బూస్టర్ హోసులో టీ పెట్టాల్సి వస్తే చెక్ వాల్వుకు (గాలిని ఒక వైపే పోనిచ్చేది) మానిఫోల్డ్ వైపున పెట్టాలి. అవతలి వైపు పెడితే బూస్టర్‌లో నిలిచిన వాక్యూమే కనపడుతుంది, ముల్లు కదలికలేవీ రావు.

ఇంజను బాగా వేడెక్కాక చూశాను. సముద్ర మట్టంలో ఆరోగ్యంగా ఉన్న ఇంజను స్లోలో 17 నుంచి 21 మధ్య నిలకడగా చూపాలి. నా బండి 13 చూపించింది. కానీ ముల్లు అదరలేదు, బెదరలేదు, ఆ 13 దగ్గరే నిలబడింది. నాకు అసలు కబురు అందింది అక్కడే. ఒక్క సిలిండర్‌లోనే వాల్వో ప్లగ్గో చెడి ఉంటే ముల్లు దడదడలాడుతుంది. నిలకడగా ఉంటూనే తక్కువ చూపిస్తోందంటే నాలుగు సిలిండర్లకూ సమానంగా తగిలే తప్పు ఏదో ఉండాలి. ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్గు నిప్పురవ్వ కొట్టే సమయం) వెనకబడి ఉండాలి, లేదా టైమింగ్ బెల్టు ఒక పన్ను జారి ఉండాలి, లేదా ఎక్కడో బయటి గాలి లోపలికి పోతుండాలి.

టైమింగ్ లైటు పెడితే మార్కు తన చోటే ఉంది. బెల్టు కవరు విప్పే పని పెట్టుకోకముందే గాలి సంగతి తేల్చాలనుకున్నాను, ఎందుకంటే దానికి ఖర్చు లేదు. బ్రేకు బూస్టర్ హోసును గుడ్డ చుట్టిన ప్లయర్‌తో నొక్కి పట్టాను, ముల్లు కదల్లేదు. పీసీవీ హోసు (ఇంజను లోపలి ఆవిర్లను మానిఫోల్డ్‌కు పంపే గొట్టం) నొక్కాను, సన్నటి తేడానే వచ్చింది, అది మామూలే. తర్వాత మొక్కలకు కొట్టే చిన్న స్ప్రేయర్‌తో, డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచేది) మీద పడకుండా జాగ్రత్తపడుతూ, మానిఫోల్డ్ జాయింట్లన్నిటి మీదా కాసిన్ని నీళ్లు చల్లుతూ వచ్చాను. కార్బొరేటర్ పీఠం దగ్గర, ఇంజను వైపు మూల మీద నీళ్లు పడగానే ఇంజను శబ్దం మారింది. ముల్లు 13 నుంచి 17కి లేచింది. నీళ్లు లోపలికి పీల్చుకుపోగానే మళ్లీ 13. ఇంకోసారి చల్లితే మళ్లీ అంతే. పక్కన నిలబడి చూస్తున్న మా మెకానిక్, "ఎయిర్ లాగేస్తోంది సార్, ఇంక చూసేదేం లేదు, దించేద్దాం" అన్నాడు.

చాలామంది ఇక్కడ కార్బొరేటర్ క్లీనర్ కొడతారు. తేడా ఇంకా స్పష్టంగా కనపడుతుంది నిజమే, కానీ అది మండే ద్రవం. వేడెక్కిన ఎగ్జాస్ట్ దగ్గర, పాత ప్లగ్గు వైర్ల దగ్గర అది కొట్టడం నాకు ఇష్టం లేదు. నీళ్లతో పని అయిపోతున్నప్పుడు అంత ప్రమాదం ఎందుకు?

కార్బొరేటర్ దించాక చూస్తే కింద ఉండే వేడి తగలనివ్వని దిమ్మ పైనా కిందా ప్యాకింగులు అప్పడంలా ఎండిపోయాయి. ఒక మూల బోల్టు రంధ్రం నుంచి లోపలి అంచుదాకా సన్నటి దుమ్ము చార కనపడింది, గాలి పోయే దారి అదే. అంతకన్నా పెద్ద విషయం దిమ్మ మీద ఉక్కు స్కేలు నిలబెట్టి చూసినప్పుడు తెలిసింది. రెండు మూలలు వంగి మధ్యలో వెలుతురు కనపడింది. లీకు ఆపాలని ఎవరో ఎప్పుడో బోల్టులు బలంగా బిగించినట్టున్నారు. అలా బిగించేకొద్దీ మూలలు ఇంకా వంగుతాయి, లీకు ఇంకా పెరుగుతుంది. అంత వంగినదానికి ప్యాకింగు మాత్రమే మార్చి లాభం లేదు. కొత్త దిమ్మ, కొత్త ప్యాకింగులు వేసి, బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాం. ముల్లు 19 దగ్గర నిలిచింది.

పని అక్కడితో అయిపోలేదు. లీకున్న రోజుల్లో ఇంజను ఆగిపోకుండా ఐడ్లింగ్ స్క్రూ పైకి, మిక్చర్ స్క్రూ రిచ్‌కు (పెట్రోలు ఎక్కువయ్యేలా) తిప్పి ఉంచారు. ఇప్పుడు రెండూ వెనక్కి తేవాలి. గేజీ పెట్టుకుని మిక్చర్ స్క్రూ సెట్ చేయడం ఒక్కసారి చూస్తే చెవితో సెట్ చేయడం మీద మోజు పోతుంది. ముల్లు ఎక్కడ బాగా పైకి లేచి కదలకుండా నిలుస్తుందో అక్కడ ఆపి, దాన్నుంచి లీను (పెట్రోలు తగ్గే) వైపు ఇసుమంత తిప్పాలి. ఐడ్లింగ్ ఆర్‌పీఎం మళ్లీ చూసుకోవాలి, మళ్లీ మిక్చర్ చూసుకోవాలి. ఓపిక పట్టి రెండు మూడు విడతలు చేస్తే డ్యాష్‌బోర్డు మీద పెట్టిన నీళ్ల సీసాలో అల కూడా రాదు.

అంకె కన్నా ముల్లు నడకనే నేను ఎక్కువ నమ్ముతాను. ఒకే లయలో, ప్రతి తిప్పుడుకూ టక్కుటక్కుమని రెండు మూడు అంగుళాలు పడుతుంటే ఒక వాల్వు సరిగా మూసుకోవడం లేదని అర్థం. లయ లేకుండా, ఎప్పుడో ఒకసారి పడి లేస్తుంటే ఎక్కువసార్లు కరెంటు తప్పు, అంటే ప్లగ్గు, వైరు, డిస్ట్రిబ్యూటర్ క్యాపు. వాగులు దాటే బండ్లలో క్యాపు లోపల చెమ్మ చేరి ఇలా అవుతుంది, విప్పి పొడిగుడ్డతో తుడిస్తే చాలాసార్లు సరిపోతుంది. ముల్లు నాలుగైదు అంగుళాల మేర మెల్లగా అటూఇటూ తేలుతుంటే మిక్చర్ చూడాలి. స్లోలో గబగబా వణికి, రేజ్ చేస్తే కుదుటపడితే వాల్వు గైడ్లు అరిగాయి. 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచితే ముల్లు మెల్లమెల్లగా దిగిపోతోందా, అయితే బండి కిందికి దూరి సైలెన్సర్ గొట్టం చూడండి. బండరాళ్ల దారిలో అది నొక్కుకుపోవడం మామూలే. ముల్లు చక్కగా నిలబడి ఉన్నా బండి ఊగుతుంటే ఇంజనును తిట్టకండి, మౌంటింగ్ రబ్బర్లు చూడండి.

రెండోసారి ఈ గేజీ కాపాడింది ఒక ఎగ్జాస్ట్ వాల్వును. ప్యాకింగు పని అయిన చాలా కాలానికి స్లోలో సన్నటి కుదుపు మొదలైంది. ఈసారి ముల్లు 18 దగ్గర నిలబడుతూనే ఒకే లయలో కిందికి కొడుతోంది. ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే తీసి చూశాం. తీసిన వైరు కొసను గాలిలో వదిలేయకుండా ఇంజను బాడీకి తగిలించాలి, లేకపోతే కాయిల్ పాడవుతుంది. మూడో సిలిండర్ వైరు తీసినా ఇంజను నడకలో మార్పు లేదు. కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ప్రెషరు) చూస్తే మిగతా మూడూ 170 పీఎస్ఐకి అటూఇటూ ఉంటే మూడోది 120. ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఇంజనాయిల్ పోసి మళ్లీ చూసినా 120 దాటలేదు. రింగులు పోయి ఉంటే నూనె సందులు మూసి ప్రెషరు పెంచేది. పెరగలేదంటే వాల్వే.

ఇక్కడ ఎవరైనా హెడ్డు (వాల్వులుండే ఇంజను పై భాగం) దించుదామనే అంటారు. నేను ముందు ట్యాపెట్లు (వాల్వుల మీది గ్యాపు) చూడమన్నాను. చల్లటి ఇంజను మీద ఫీలర్ గేజీ పెడితే మూడో ఎగ్జాస్ట్ వాల్వు దగ్గర సన్న రేకు కూడా దూరలేదు. ఏళ్లు గడిచేకొద్దీ వాల్వు సీటులోకి కుంగుతుంది, కుంగేకొద్దీ పైన గ్యాపు తగ్గుతుంది. గ్యాపే లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, వేడి సీటుకు దిగదు, అంచు కాలిపోతుంది. ట్యాపెట్ టకటకలాడితే అందరూ షెడ్డుకు పరుగెత్తుతారు. నా మటుకు నేను శబ్దం చెయ్యని ట్యాపెట్‌కే ఎక్కువ భయపడతాను. మాన్యువల్ కొలతకు ఎనిమిదీ సెట్ చేశాక మూడో సిలిండర్ 160కి వచ్చింది, ముల్లు నిలబడింది. అలాగే ఇంకొన్ని నెలలు తిరిగి ఉంటే వాల్వు అంచు మిగిలేది కాదు, హెడ్డు దించక తప్పేది కాదు.

కొండలెక్కేవాళ్లు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు ముల్లు సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. విశాఖలో 19 చూపిన నా బండే, మూడు వేల అడుగుల ఎత్తున్న అరకులో 16 చూపిస్తుంది. బండిలో ఏ లోపమూ లేదు, అక్కడ గాలే పలచన. హైదరాబాద్‌లో కూడా దాదాపు రెండు అంగుళాలు తగ్గించుకుని చూడాలి. డయల్ మీద అచ్చువేసిన ఆకుపచ్చ, పసుపు పట్టీలు సముద్ర మట్టానికి వేసినవి. ఘాటు ఎక్కాక వాటిని నమ్మొద్దు.

మిత్రుడి ఎంపీఎఫ్ఐ జిప్సీ మీద కూడా వాడాం. పనికొస్తుంది, కానీ ఇంత తేటగా చెప్పదు. గాలి లీకైతే కంప్యూటరు ఐడిల్ వాల్వును మూసి సర్దుకోవాలని చూస్తుంది. అందుకే ఇంజను వణకడానికి బదులు ఆర్‌పీఎం ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. అలాంటి బండికి ముందు థ్రాటిల్ బాడీ శుభ్రం చేయించి తర్వాతే గేజీ పెట్టడం మేలు. డీజిల్ జీపులకు మాత్రం దీన్ని కొనొద్దు. వాటిలో చాలావాటికి థ్రాటిల్ ప్లేటే ఉండదు, మానిఫోల్డ్‌లో చూడదగ్గ వాక్యూమ్ పుట్టదు. వాటి వణుకుకు లైన్లలో గాలి, ఫిల్టరు, నాజిళ్లు వెతుక్కోవాలి.

ఇక వస్తువులోని లోపాలు. వచ్చిన రబ్బరు హోసు రెండు ఎండాకాలాలకే బిరుసెక్కి చివర పగిలింది. లీకులు పట్టే పరికరమే లీకైతే ఎలా? షాపులో మంచి ఫ్యూయల్ హోసు కొలిపించి వేసుకున్నాను. ప్లాస్టిక్ టీలు ఇంజను వేడికి మెత్తబడ్డాయి, ఇత్తడివి కొన్నాను. ముల్లు మరీ దడదడలాడితే చదవడం కష్టం, హోసును వేలితో కొద్దిగా నొక్కితే కుదురుతుంది. మరీ నొక్కితే చూడాల్సిన దడే కనపడకుండా పోతుంది. ఒకసారి కింద పడ్డాక సున్నా దగ్గర కాస్త పైన ఆగడం మొదలైంది. అందుకే తగిలించే ముందు సున్నా చూసుకుంటాను, తేడా ఉంటే అంకెలోంచి తీసేస్తాను.

నాకు రూ.1,200 అయింది. కొనేటప్పుడు డయల్ పెద్దది, ముల్లు సన్నది చూసుకోండి. కొక్కెం ఉండేది దొరికితే అదే తీసుకోండి, బానెట్ అంచుకు తగిలించుకుని రెండు చేతులతో స్క్రూ తిప్పుకోవచ్చు. పాత పెట్రోలు బండికి టైమింగ్ లైటు, కంప్రెషన్ గేజీ, ఇది, ఈ మూడింటిలో ఒక్కటే కొనగలిగితే ముందు దీన్నే కొనండి.