గడియారపు పెట్టెల్లో ఏది మేలు: బూల్ పొదుగుడా, అక్రోటు పొరా?

పాతకాలపు అలంకార గడియారాలపై ఆసక్తి మొదలైనవారు తరచుగా అడిగే ప్రశ్న ఇది: తాబేటి చిప్పా ఇత్తడీ పొదిగిన ఫ్రెంచి బూల్ పెట్టె కొనాలా, ఇంగ్లండులో తయారైన అక్రోటు పెట్టె కొనాలా? తీర్పు కంటికే వదిలేస్తే బూల్‌దే పైచేయి. ఫ్రెంచి వడ్రంగి ఆంద్రే షార్ల్ బూల్ (1642–1732) ఈ పొదుగుడు పద్ధతిని కనిపెట్టకపోయినా పరాకాష్ఠకు చేర్చాడు. తాబేటి చిప్పనూ ఇత్తడి రేకునూ కలిపి ఒకేసారి కోయడం వల్ల చిప్పలో ఇత్తడి నగిషీ పొదిగిన పలక ఒకటి, ఇత్తడిలో చిప్ప నగిషీ పొదిగిన పలక మరొకటి దక్కేవి.

నా లెక్కలో అసలు పరీక్ష మాత్రం పై పొరకూ కింది చెక్కకూ మధ్య ఉన్న పొత్తు. చెక్క గాలిలోని తేమను బట్టి ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. ఇత్తడి తేమకు చలించదు. ఆ రెండింటినీ పట్టి ఉంచాల్సిన జిగురు, తోలూ ఎముకలూ కాచి తీసినది కాబట్టి, పొడిగాలికి పెళుసుబారుతుంది. చివరికి సన్నని ఇత్తడి తీగ ఏదో మూలన పైకి లేచి, దుమ్ము తుడిచే గుడ్డకు తగులుకుని వంగిపోతుంది, సాగిన ఆ తీగ మళ్లీ తన గాడిలో సరిగా ఇమడదు. ఇందుకు వాడే హాక్స్‌బిల్ అనే సముద్రపు తాబేటి చిప్ప అంతర్జాతీయ వ్యాపారంపై ఆంక్షలున్నందున మరమ్మతుకు కొత్త చిప్ప దొరకడమూ కష్టమే.

అక్రోటు పెట్టెలో చెక్క మీద చెక్కే ఉంటుంది. 17వ శతాబ్ది చివర లండన్ పనివారు, సెకనుకు ఒక ఊపు ఊగే దాదాపు 99 సెంటీమీటర్ల లోలకమూ బరువులూ ఇమిడేలా పొడవాటి పెట్టెను ఓక్ వంటి చెక్కతో కట్టి, చేతి రంపంతో కోసిన అక్రోటు పొరలను దానిపై అతికేవారు. కొందరు లాబర్నమ్ అనే చెట్టు కొమ్మలను అడ్డంగా కోసి, వలయాలు ఆల్చిప్పల్లా కనిపించే బిళ్లలు పరిచేవారు. ఇవీ పగులుతాయి, ఆ బిళ్లలు మరీను. అయితే ఆ పొర కాస్త మందం కాబట్టి మరమ్మతు చేశాక మళ్లీ చదును చేయవచ్చు. అదే జిగురు వేడికీ తేమకూ మెత్తబడుతుంది కనుక ఊడినచోట తిరిగి అతకవచ్చు. అందుకే నేను మొగ్గేది అక్రోటు వైపే.

1721లో బ్రిటన్ అమెరికా వలసల కలపపై సుంకం ఎత్తివేశాక వ్యాపించిన మహాగని పెట్టెలు గట్టివి, ముచ్చట తక్కువ. లక్క పూతవి మూలల్లో పెచ్చులూడతాయి.

బూల్ మీదే మనసుపడితే, పక్క నుంచి పడే వెలుతురులో మూలల దగ్గర ఇత్తడి అంచులను పరిశీలించి కొనండి.