జెనరిక్ పశువుల మందు కొంటున్నారా? పేరు ఒకటైనా గాఢత వేరు కావచ్చు, జాగ్రత్త

పశువులకు, పెంపుడు జంతువులకు మందులు కొనేవారందరూ దయచేసి ఇది చదవండి. మా ఆవుకు జ్వరం వచ్చినప్పుడు పశువైద్యుడు దీర్ఘకాలం పనిచేసే ఆక్సీటెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ సూదిమందును, మిల్లీలీటరుకు 200 మిల్లీగ్రాముల గాఢత గలదాన్ని, చీటీ మీద స్పష్టంగా రాశారు. దుకాణదారు ఆ కంపెనీ సరుకు లేదని, ఇది అదే మందని, జెనరిక్ కాబట్టి సగం ధరకే వస్తుందని, మోతాదు మార్చనక్కర్లేదని చెప్పి, అంతే పరిమాణం గల మరో సీసా అంటగట్టాడు. అందులో ఉన్నది మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాములే! చీటీలో ఉన్నన్ని మిల్లీలీటర్లు ఎక్కించినా ఆవుకు అందింది నాలుగో వంతు మందే కనుక జ్వరం దిగలేదు. మళ్ళీ వచ్చిన వైద్యుడు సీసా తిప్పి చూశాకే సంగతి బయటపడింది.

లెక్క వేసి చూడండి: సగం ధరకు నాలుగో వంతు మందు ఇచ్చారంటే, మిల్లీగ్రాము చొప్పున మన చేత రెట్టింపు కట్టించుకున్నట్టు. పోనీ నాలుగింతలు ఎక్కిస్తే సరిపోతుందా అంటే, అదీ కుదరదు. దీర్ఘకాలపు మందు ఒక్క సూదితో కొన్ని రోజులు పనిచేసేలా తయారవుతుంది, మాకు అంటగట్టినలాంటి మామూలుదాన్ని రోజూ వేయాలి. సూది వేశాక పాలు ఎన్ని రోజులు వాడకూడదన్న గడువు కూడా మందును బట్టి మారుతుంది. చాలీచాలని మోతాదు వల్ల రోగం తగ్గకపోవడమే కాదు, సూక్ష్మక్రిములు ఆ మందుకు లొంగకుండా పోయే ప్రమాదం కూడా ఉంది.

ఇందులో జెనరిక్ మందుల తప్పేమీ లేదు. అదే మందు, అదే గాఢత, అదే రూపంలో ఉండి ప్రమాణాలకు తగినట్టు తయారైన జెనరిక్ నిక్షేపంగా పనిచేస్తుంది. అవి చవకగా, విరివిగా దొరకాలనే నేనూ కోరుకుంటున్నాను. ఖర్చు భరించలేకనే చాలామంది మందు మధ్యలో ఆపేస్తున్నారు, లేదా ఇంట్లో ఉన్న మనుషుల మాత్రలు వేస్తున్నారు. పిల్లికి ఒక్క పారాసిటమాల్ మాత్ర వేసినా ప్రాణం మీదికి రావచ్చు. కుక్కల గోమార్లకు వాడే పెర్మెత్రిన్ చుక్కల మందు కూడా పిల్లికి విషమే. రెండూ చిన్న జంతువులే కదా అని ఎవరైనా చేతిలో పెడితే తీసుకోకండి.

అందుకే డబ్బు చెల్లించేముందే మందు పేరు, గాఢత, ఏ జంతువుకు ఉద్దేశించినది, గడువు తేదీ చీటీతో సరిపోల్చుకోండి. తేడా ఉంటే దుకాణదారు మాట మీద ఆధారపడకుండా, సీసా లేబుల్ ఫొటో తీసి వైద్యుడికి పంపి అడగండి. బ్యాచ్ నంబరు రాసిన బిల్లు తప్పక తీసుకోండి. మాకు బిల్లు ఇవ్వలేదు, తెరిచిన సీసా వెనక్కి తీసుకోబోమన్నారు. ఖాళీ అయిన సీసానైనా పశువు కోలుకునేవరకు పారేయకండి. ఔషధ నియంత్రణ అధికారులకు ఫిర్యాదు చేయాలంటే దాని మీది వివరాలే ఆధారం.