ట్విన్ ట్యాంకులతో కాళ్లు కిందికి జారుతున్నాయా: ట్యాంకులు జరపాలా, ఒళ్లు సర్దుకోవాలా?

రుషికొండ దగ్గర ట్విన్ ట్యాంకులతో, అంటే వీపు మీద జంట గాలి సిలిండర్లతో, స్కూబా డైవింగ్‌కి దిగినప్పుడల్లా నా కాళ్లు కిందికి జారిపోయేవి, ఫిన్ (కాళ్లకి తొడుక్కునే రెక్క) కొట్టగానే అడుగునున్న ఇసుకంతా లేచి ముందేముందో కనపడేది కాదు, వెనకాల వచ్చేవాళ్లకి ఇంకా నరకం.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, ట్యాంకుల్ని పట్టి ఉంచే బ్యాండ్లు లూజ్ చేసి ట్యాంకుల్ని తల వైపు ఒక అంగుళం జరపడం. బరువు తల వైపు వస్తుంది కాబట్టి కాళ్లు లేస్తాయి, పైగా వాల్వులు చేతికి బాగా అందుతాయి, కానీ మరీ జరిపితే తల ఎత్తి ముందుకు చూడగానే రెండు ట్యాంకుల్ని కలిపే మ్యానిఫోల్డ్ టక్కున తగులుతుంది. బోల్టులు సరిగ్గా బిగించకపోతే ప్రమాదం కూడా, అలవాటు లేకపోతే తెలిసినవాళ్లతోనే చేయించండి.

రెండోది పైసా ఖర్చు లేనిది. మోకాళ్లు 90 డిగ్రీలు మడిస్తే ఫిన్ల బరువు నడుం దగ్గరికొస్తుంది, చేతులు ముందుకి చాపితే వాటి బరువు తల వైపు పోతుంది, తుంటి మాత్రం వంగకూడదు, చాలామందికి అక్కడే తేడా కొడుతుంది, నాకూ అంతే, మోకాళ్లు మడవమంటే కుర్చీలో కూర్చున్నట్టు అయిపోయేవాణ్ణి. పిరుదులు బిగబట్టి, తల ఎత్తి చూస్తే కుదిరింది.

నా మాట అడిగితే ముందు ఒళ్లే. సరైన పొజిషన్‌లో ఏమీ కదపకుండా 30 సెకన్లు ఉండండి, అప్పటికీ కాళ్లు జారుతుంటే స్పానర్ తీయండి.