చాయ్‌కి నాలుగున్నర స్టార్లు, గుమ్మానికి రెండు

సికింద్రాబాద్ స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక పాత ఇరానీ హోటల్ గురించి ఇది. పేరు రాయడం లేదు. కింద రాసేవాటిలో సేటుగారికి నచ్చనివి కొన్ని ఉన్నాయి, రేపు పొద్దున మళ్లీ నేను అక్కడికే పోవాలి. రోజూ వెళ్లేవాళ్లకు ఎలాగూ తెలిసిపోతుంది.

ముందు చాయ్. డికాక్షన్ వేరు, చిక్కగా కాగిన పాలు వేరు, కప్పులో కలిపి ఇస్తారు, పైన మీగడ తేలుతుంది. ఖడక్ అంటే నిజంగానే ఖడక్. ఉస్మానియా బిస్కెట్ పొద్దున తింటే పొడిపొడిగా కరిగిపోతుంది, రాత్రికి కొంచెం మెత్తబడుతుంది, అది మామూలే. లుక్మీ (ఖీమా కూరిన చదరపు సమోసా లాంటిది) మాత్రం సాయంత్రం ఆరు దాటాక అడగొద్దు, ఉండదు, ఉన్నా చల్లగా ఉంటుంది. సమోసా పర్వాలేదు.

అసలు రాయాలనుకున్నది పొగ సంగతి. ఆర్నెల్ల క్రితం వరకు ఇక్కడ టేబుల్‌కో పగిలిన సాసర్ ఉండేది, అదే యాష్‌ట్రే. పైన ఫ్యాన్ ఆ పొగని తిప్పి తిప్పి అందరికీ సమానంగా పంచేది. ఒకరోజు పొద్దున వెళ్తే సాసర్లు మాయం, గోడకి బోర్డు. ఎవరో వచ్చి జరిమానా రసీదు రాశారని ఒకరు, సేటు మనవడికి ఆయాసమని ఇంకొకరు అన్నారు. సేటుని అడిగితే "రూల్ హై" అని గల్లాపెట్టె వైపు తిరిగిపోయాడు.

ఆ వారమంతా మూలనున్న పెద్ద టేబుల్ దగ్గర అసెంబ్లీ నడిచింది. నేను పక్క టేబుల్ నుంచి వింటూ మధ్య మధ్యలో వేలు పెట్టాను. మొదటి వాదన తెలిసిందే: హోటల్ ఆయన సొంతం, సర్కారు సొమ్ము కాదు, లోపల ఏం చేసుకుంటే ఎవరికేం. కానీ చట్టం హోటల్ ఎవరిదని అడగదు, జనం వచ్చిపోయే చోటా కాదా అనే చూస్తుంది. 2003 నాటి పొగాకు చట్టంలోనే రెస్టారెంట్లు బహిరంగ స్థలాల కింద ఉన్నాయి, 2008 అక్టోబర్ 2 నుంచి అమల్లోకి వచ్చిన రూల్స్ దాన్ని ఇంకా గట్టిగా చెప్పాయి. అంటే ఇక్కడ పదిహేనేళ్లకు పైగా నడిచింది స్వేచ్ఛ కాదండీ, చూసీ చూడనట్టు పోవడం. "హుక్కా పార్లర్లనే 2024లో మూసేసిన్రు, మన సిగరెట్ ఎంత" అని ఒకాయన నిట్టూర్చాడు.

రెండో వాదనకి మాత్రం నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. 30 సీట్లు, అంతకంటే ఎక్కువ ఉన్న రెస్టారెంట్ అయితే నాలుగు గోడలతో, ఎగ్జాస్ట్ పెట్టి, పొగ తాగేవాళ్లకు విడిగా గది కట్టుకోవచ్చు. కాకపోతే ఆ గదిలోకి ఏమీ తెచ్చివ్వకూడదని 2017లో రూల్ మార్చారు. మన హోటల్‌కి గట్టిగా లెక్కపెడితే ఇరవై నాలుగు కుర్చీలు. అంటే జూబ్లీహిల్స్ పబ్బుకి వీలుంది, 20 రూపాయల చాయ్ అమ్మేవాడికి లేదు. "పైసలున్నోడి పొగకి గది, మన పొగకి గోడ మీద బోర్డు" అని మూల టేబుల్ దగ్గర ఒక పెద్దాయన అన్న మాట నాకు న్యాయంగానే అనిపించింది. అలాగని అందరికీ గది ఇవ్వమని నేననను, ఎవరికీ ఇవ్వకపోతే సరిపోయేది.

నేను నాలుగేళ్ల క్రితం మానేశాను, అంతకుముందు ఇదే హోటల్లో చాయ్‌కొకటి చొప్పున కాల్చినవాణ్ణే, కాబట్టి నీతులు చెప్పే మొహం నాకు లేదు. కానీ ఆ వాదనలన్నిట్లో ఒక్కరూ సర్వర్ల ఊసెత్తలేదు. మనం అరగంట కూర్చుని లేచిపోతాం. ఒడిశా నుంచి వచ్చిన ఆ కుర్రాడు పొద్దున ఐదు నుంచి మధ్యాహ్నం దాకా అదే గాలిలో నిలబడతాడు, సిగరెట్ ముట్టుకున్నదే లేదట. ఇప్పుడు బోర్డుని అమలు చేయాల్సింది కూడా అతనే. ముప్పై ఏళ్లుగా వస్తున్న గిరాకీ దగ్గరికి వెళ్లి "సాబ్, జర బాహర్" అనాలి, తిట్లు తినాలి. సేటు గల్లా దగ్గర నుంచి కదలడు. ఎవరైనా తాగుతున్నారని చెప్పినా పట్టించుకోకపోతే ఎంతమంది తాగితే అన్ని జరిమానాలు యజమాని మీదే పడతాయి, ఒక్కోటి 200 దాకా, ఆ సంగతి ఆయనకి తెలుసో లేదో. ఫిర్యాదు ఎవరికి చేయాలో పేరు రాసిపెట్టాలి కూడా. బోర్డు కింద ఆ జాగా ఖాళీగా ఉంది.

ఇక గుమ్మం. లోపల వద్దన్నాక అందరూ రెండు మెట్లు దిగి బయట నిలబడుతున్నారు, పక్కనే పాన్ డబ్బా, అక్కడే లూజు సిగరెట్, తాడుకి వేలాడే లైటర్. ఫుట్‌పాత్ ఆరుబయలు కాబట్టి చట్టం అక్కడ ఏమీ అనదు. కానీ ఈ హోటల్‌కి ముందు గోడే లేదు, షట్టర్ ఎత్తితే అంతా తెరిచే ఉంటుంది, గాలి ఇటు తిరిగిందంటే ముందు రెండు టేబుళ్లకు పాత రోజులే. ఆడవాళ్లు లోపలికి రావాలంటే ఆ గుంపుని తోసుకుని రావాలి. డబ్బాని పది అడుగులు అవతలికి జరిపించమని సేటుకి రెండుసార్లు చెప్పాను, డబ్బా అద్దె వస్తుంది కదా, వినపడనట్టే ఉన్నాడు.

గిరాకీ పడిపోతుందన్నారు, నా కంటికైతే పడిపోలేదు. అలిగి వెళ్లిపోయిన పెద్దాయన కూడా పదో రోజుకి వచ్చాడు, చాయ్ సాసర్‌లో పోసుకుని బయటికెళ్లి తాగుతున్నాడు. పోయిన ఆదివారం మొదటిసారి మా అమ్మాయిని తీసుకెళ్లాను, నాలుగు బిస్కెట్లు తినేసింది.

వెళ్తే లోపల అద్దం పక్క టేబుల్ చూసుకోండి. చిల్లర తీసుకెళ్లండి, ఫోన్‌పే సిగ్నల్ సరిగ్గా రాదు.