‘ఔట్‌రేజ్’ డాక్యుమెంటరీ: ఓటు సాక్ష్యం వేరు, పుకారు వేరు

గే హక్కులకు అడ్డుపడుతూనే తాము గే అన్న సంగతి దాస్తున్నారంటూ అమెరికా నేతలను నిలదీసే సినిమా ఇది. 2009లో కర్బీ డిక్ తీశారు.

సెనేటర్ లారీ క్రెయిగ్ భాగమే గట్టిది. 1996లో, పెళ్లంటే ఆడ-మగ మధ్యే అని చెప్పే డోమా చట్టానికి అనుకూలంగా ఓటేశారు. 2007లో మినియాపొలిస్ ఎయిర్‌పోర్టు టాయిలెట్లో మరో మగాడికి లైంగిక సైగలు చేశారన్న ఆరోపణపై అరెస్టయి, అనుచిత ప్రవర్తన నేరం ఒప్పుకున్నారు. గే కాదనే అన్నారు. ఆ మాటా లెక్కలోకి తీసుకోవాలి.

విన్నామన్న మాటలే ఆధారమైన చోట సినిమా పట్టు జారుతుంది. పుకారు తప్పయితే వెనక్కి తీసుకోలేం. పైగా గే అనడమే నింద అయిపోయి, ఇంట్లో చెప్పుకోలేని కుర్రాళ్లకు గుచ్చుకుంటుంది. నేతల ఓట్లను ఎండగట్టడానికి ఈ ఊహాగానం అక్కర్లేదు.

ప్రతి పేరు దగ్గరా ఆపి చూడండి: ఏ బిల్లుకు ఓటేశారు, చెబుతున్నదెవరు? అమెరికా పబ్లిక్ రేడియో సంస్థ ఎన్‌పీఆర్ తన సమీక్షలో నేతల పేర్లే తీసేసింది. అందుకు నిరసనగా, రాసిన విమర్శకుడు తన పేరూ తీయించుకున్నారు.